నాణ్యతాంకమా? అపాయసూచికయా?

సదుం, పుంగనూరు ప్రాంతములలో ఉదయమున పాలకేంద్రమునకు పోయినచో, రైతు తెచ్చిన పాలలో కొంచెము తీసి వెన్నశాతము పరీక్షించుట చూడవచ్చును. ఆ అంకెను బట్టియే ధర కట్టెదరు. ఇది నాణ్యతా పరీక్ష. పిమ్మట పాలను పెద్ద తొట్టిలో పోసి 4 డిగ్రీల సెంటిగ్రేడు వరకు చల్లార్చెదరు. తొట్టిలో ఒక ఱెక్క తిరుగుచు పాలను కలియబెట్టుచుండును. అది ఆగినచో ఉష్ణమాపకము తానున్న చోటి వేడిమినే చెప్పును గాని తొట్టి అంతటి సంగతి చెప్పజాలదు. వెన్నశాతము మారకుండగనే పాలు పులిసి యుండవచ్చును. కనుక ధర చెప్పు అంకె వేరు, అపాయము చెప్పు అంకె వేరు. అయితే ఒక్కొక్కప్పుడు ఈ రెండును ఒకే అంకెలో ఇమిడి యుండును. అట్టి అంకెను సగమే చదివిన ఉదంతము ఆంధ్రప్రదేశముననే కలదు.

2020 మే 7వ తేదీ తెల్లవారకముందే విశాఖపట్టణము చెంత వెంకటాపురములోని ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారము నుండి స్టైరీను ఆవిరి వెలువడి 12 మంది మరణించిరి. వందలకొలది జనము ఆసుపత్రుల పాలైరి.

స్టైరీను ద్రవపదార్థము. దాని అణువులు తమంతట తామే గొలుసుకట్టుగా కలిసి పాలిమరుగా మారగలవు. అట్లు కలియునపుడు వేడి పుట్టును. ఆ వేడి కలయికను మరింత త్వరపెట్టును. ఇది పెరిగి పెరిగి 145 డిగ్రీలు చేరినచో ద్రవము మరుగును. దీనిని అరికట్టుటకు తొట్టిని చల్లగా నుంచవలెను, టి.బి.సి. అను నిరోధక ద్రవ్యమును కొద్దిపాళ్లలో కలుపుచుండవలెను.

లాక్‌డౌను వలన కర్మాగారము మూతపడి యుండెను గదా యని కొందరు సమాధానము చెప్పుదురు. ఇది నిలువదు. మూతపడినది ఉత్పత్తి, తొట్టిలోని రసాయనక్రియకు సెలవు లేదు.

రాష్ట్ర ప్రభుత్వము నియమించిన ఉన్నతస్థాయి సంఘము 2020 జూలైలో నివేదిక సమర్పించినది. ఉష్ణోగ్రతను తొట్టి అడుగుభాగముననే కొలిచిరనియు, పైభాగపు వేడిమి తెలియలేదనియు, శీతలీకరణ యంత్రమును రాత్రులు నడపలేదనియు, నిరోధక ద్రవ్యము నిలువ లేదనియు అందు కలదు. 2019 డిసెంబరులో గొట్టములలో చేసిన మార్పు వలన ద్రవము సరిగా కలియకపోయెనని కూడ సంఘము తేల్చినది. ఱెక్క ఆగిన పాలతొట్టి ఇక్కడ జ్ఞప్తికి రాక మానదు.

అన్నిటికంటె ఆలోచింపదగినది వేరొకటి. ఏప్రిల్ నెలాఖరు పరీక్షలలోనే స్టైరీనులో పాలిమరు పాలు పెరుగుట కనిపించినది. దానిని సరకు నాణ్యతకు సంబంధించిన విషయముగా ఎంచిరే గాని అపాయసూచనగా గ్రహింపలేదు. పరీక్ష జరిగినది, అంకె వచ్చినది, పుస్తకమున కెక్కినది. ‘సరకు పనికివచ్చునా?’ అని ఆ అంకెను అడిగిరి. ‘తొట్టిలో ఏమి జరుగుచున్నది?’ అని అడుగలేదు.

ఈ రెండవ ప్రశ్న క్రొత్తది కాదు. బెల్ టెలిఫోన్ సంస్థలకు చెందిన వాల్టర్ షూహార్ట్ 1924లోనే నియంత్రణ పటమును రూపొందించెను. హద్దు దాటిన సరకును ఏరివేయుటతో తృప్తిపడక, అంకెల నడకలోనే మార్పును పసిగట్టుట దాని ఉద్దేశము. 1947-48లో మహలనోబిస్ ఆహ్వానముపై ఆయన భారతదేశమునకు వచ్చి ఈ పద్ధతిని ప్రచారము చేసెను గూడ.

2015లో సవరించిన ఐ.ఎస్.ఓ. 9001 నాణ్యతా ప్రమాణము అపాయములను ముందుగా యోచింపవలెనని స్పష్టముగా చెప్పుచున్నది. కాని ఏ పద్ధతిని యోచింపవలెనో నిర్బంధింపదు. చిన్న సంస్థలకు ఇది మంచి వెసులుబాటే. ప్రమాదకర రసాయనములకు 1989 నాటి నిబంధనలు వేరుగా నున్నవి. చిక్కెక్కడనగా, నాణ్యత చూచు వారొకరు, భద్రత చూచు వారొకరు అయినపుడు ఒకరి పుస్తకములోని అంకె రెండవ వారి కంటబడదు.

ఆ కర్మాగారములో ప్రమాదపు కూత మ్రోగించుటకు 36 చోట్ల ఏర్పాటు లుండెను. ఆ రాత్రి ఒక్కటియు మ్రోగలేదు.