దేవణి యెడ్లు

గిర్, డాంగీ, స్థానిక గోజాతుల సమ్మేళనముచే సుమారు రెండు శతాబ్దుల క్రిందట రూపొంది, మరాఠ్వాడాలోని దేవణి పేరు దాల్చి, ఆదిలాబాదు వంటి పొరుగు నల్లరేగడి సీమలకును పరిచితమైన ఈ పశుజాతిని నేను మనసార శ్లాఘింతును. ఉన్నతమైన ఫాలము, వ్రేలాడు చెవులు, తెల్లని మేన నల్లని మచ్చలు చూపరుల కింపు. రైతునకు మాత్రము గిట్టల గట్టితనము, మెడ బలమే ప్రధానము. ఆవు పాలిచ్చును, కోడె అరక లాగును.

దేవణియైననేమి, నాటు జాతియైననేమి, పెద్దపల్లి పల్లెలకు విద్యుత్తు రాకమునుపు మోటబావులపై ఎడ్లు చేసిన సేవ తలచిన ఆశ్చర్యము కలుగును. మోకు బిగియగా వాలున దిగి, బొక్కెన నీటిని తొట్టిలో కుమ్మరింపగనే, మొగము మరల్పక వెనుకడుగులతోనే గట్టెక్కు ఆ నేర్పు, జంట యెడ్లకును, మోకుపై కూర్చుండి పాట నెత్తుకొను తోలువానికిని ఏండ్ల సాధనచే అబ్బిన ఉమ్మడి విద్య. ఇక దుక్కి, గుంటుక, కల్లమున బంతి, కచ్చురపు ప్రయాణము సరేసరి.

ఆదిలాబాదు సీమలో పొలాల అమావాస్యనాడు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, నైవేద్యము తినిపించు ఆచారము ఎంతయు ఉచితమైనది. ట్రాక్టరు వచ్చినను, పత్తి సాళ్ల నడుమ గుంటుక తోలుటకు నేటికిని ఎడ్లను నమ్ముకొన్న రైతులు కలరు.