టర్బోఛార్జరు పటము: పేర్లు చాలునా?

"పటము గీసి భాగములను గుర్తింపుము" అను ప్రశ్న మన విద్యార్థులకు చిరపరిచితము. పుష్పము నిలువుకోతకు సరిపోయిన ఈ పద్ధతినే యంత్రములకును వర్తింపజేయుచున్నాము. ఓడల డీసెలు ఇంజనుపై నుండు టర్బోఛార్జరు పటములను పరిశీలించినచో ఇందలి లోపము స్పష్టమగును.

టర్బోఛార్జరు తత్త్వము సులభమే. ఇంజను విడిచిన వేడి వాయువులు టర్బైను చక్రమును త్రిప్పును. అదే ఇరుసు రెండవ కొననున్న కంప్రెసరు చక్రము బయటి గాలిని పీల్చి, నొక్కి, సిలిండర్లకు పంపును. గాలి హెచ్చినకొలది ఎక్కువ ఇంధనమును కాల్చవచ్చును. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూఖి 1905లో దీనికి పేటెంటు పొందెను.

నిలువుకోత పటమునకు గుణము లేకపోలేదు. రెండు చక్రములు ఒకే ఇరుసుపై నున్నవని ఒక్క చూపులో తెలియును. కాని గీతలు, అంకెలు, పేర్లు ఇచ్చి ఊరకున్న పటము అంతకుమించి చెప్పజాలదు.

నాజిల్ వలయమును, డిఫ్యూజరును చూడుడు. రెండును కదలని రెక్కలు అమర్చిన వలయములే. పేర్లను తారుమారు చేసినను, బట్టీ పట్టిన విద్యార్థి పోల్చుకొనలేడు. నాజిల్ వలయము టర్బైను చక్రమునకు ముందుండును. ఇరుకగు దారులలో వాయువు వేగము పెరిగి పీడనము తగ్గును. డిఫ్యూజరు కంప్రెసరు చక్రమునకు తరువాత నుండును; వెడల్పగు దారులలో గాలి వేగము తగ్గి పీడనము పెరుగును. రూపములో పోలిక, పనిలో వైపరీత్యము!

ఓడలో ఇది మాటల తేడా కాదు. టర్బైను వైపు మసి పేరుకొనును. కంప్రెసరు వైపు నూనె, ధూళి అంటుకొనును. యంత్రము నడుచుచుండగనే కంప్రెసరులోనికి కొద్దిపాటి నీటిని చిమ్మియు, టర్బైనులోనికి అక్రోటు పెంకుల పలుకులను ఊదియు శుభ్రపరచు పద్ధతులు కలవు. ఏ వైపు ఏదియో ఎరుగనివాడు ఈ పని చేయజాలడు. యంత్రముపై అంకెలు వ్రాసియుండవు గదా!

కావున ఉపాధ్యాయులు పేర్లకు ముందు దారులను గీయింపవలెను. సిలిండర్ల నుండి పొగగొట్టము వరకు ఎఱ్ఱ పెన్సిలుతో వాయువు దారి. వడపోత నుండి కూలరు వరకు నీలి పెన్సిలుతో గాలి దారి. ప్రతి భాగము వద్ద "ఇచ్చట పీడనము పెరిగినదా, తగ్గినదా?" అని అడుగవలెను. దీనికి జవాబు చెప్పగలిగిన విద్యార్థియే ఆ భాగమును నిజముగా గుర్తించినవాడు. పేరు మరచినను అతనికి నష్టము లేదు.