పెట్టా? పుంజా?

గంప ఎత్తగానే బిలబిలమంటూ పరిగెత్తే పిల్లల్ని చూసి మా అమ్మమ్మ "ఇది పుంజు, అది పెట్ట" అనేసేది. రెండు నెలలు నిండని పిల్లలవి. నెత్తిమీద జుట్టు ముందే ఎర్రబడి, కాళ్లు లావెక్కితే పుంజు. అనుమానమొస్తే ఇంకో నెల ఆగి, నడుం మీది ఈకలు చూసేది. కొసలు సూదిగా ఉంటే పుంజు, గుండ్రంగా ఉంటే పెట్ట. గుడ్డు ఆకారాన్నిబట్టి జోస్యం చెప్పేవాళ్లను మాత్రం నవ్వి వదిలేసేది. నేనూ అంతే.

గుడ్ల కోళ్ల హేచరీలో అంత ఓపిక కుదరదు, పుట్టిన రోజే తేల్చాలి. 1920ల్లో జపాన్‌వాళ్లు దారి కనిపెట్టారు. పిల్లను అరచేతిలోకి తీసుకుని, పొట్ట మెల్లగా నొక్కి రెట్ట తీయించి, బొటనవేలితో ద్వారం అంచు విప్పి దీపం కింద చూస్తారు. ఆవగింజకన్నా చిన్న బొడిపె ఉంటే పుంజు. చిక్కేమిటంటే, కొన్ని పెట్టలకూ బొడిపె ఉంటుంది! బిగువు, మెరుపు చూసి తేడా పట్టాలి. చెయ్యి తిరిగినవాళ్లు గంటకు వెయ్యి పిల్లల దాకా చూస్తారు, నూటికి రెండో మూడో తప్పుతాయి. ఎలా తెలిసిందంటే మాటల్లో చెప్పలేరు. మీరిది చదివేలోపు పది పిల్లలైనా రెండు ట్రేల్లోకి చేరిపోయి ఉంటాయి. పుంజుల ట్రే ఎక్కడికి పోతుందో మాత్రం అమ్మమ్మకు చెప్పలేదు.