చలనచిత్రములు - తల్లుల తీర్పు

ఒక చలనచిత్రము మంచిదో చెడ్డదో తేల్చుటకు మనవారు ముఖ్యముగా రెండు కొలతలు వాడుచున్నారు. అది యెంత ధనము రాబట్టినదని కొందఱు, దర్శకుని పనితన మెట్టిదని కొందఱు విచారింతురు. ఇంట ఆ చిత్రమునే చూచుచున్న ముసలితల్లి యేమనుచున్నదని విచారించువారు మిక్కిలి యరుదు. ఆమె కంట తడిపెట్టినచో భక్తి యందురు. నవ్వినచో కాలక్షేప మందురు. నడుమ కునుకు పట్టినచో వార్ధక్యమని త్రోసివేయుదురు. తల్లుల యభిరుచియందు నిజమైన విమర్శ కలదనియు, దానిని వినకుండుటవలన విమర్శకును ఆ తల్లులకును గూడ నష్టము కలుగుచున్నదనియు మా యభిప్రాయము. మా తల్లిగారితో గూర్చుండి పలుమాఱులు చూచిన కొన్నిటిని దృష్టాంతములుగా గైకొని యీ విషయమును చదువరుల యెదుట నుంచుచున్నాము.

కావ్యాభ్యాసముచేత మనస్సను నద్దమును తేటపఱచుకొన్నవాడే సహృదయుడని అభినవగుప్తుడు నిర్ణయించెను. ఆంగ్లేయులలో డాక్టరు జాన్సను, గ్రే కవి జీవితమును వ్రాయుచు, పాండిత్యపు పక్షపాతము సోకని సామాన్య పాఠకునితో నేకీభవించుట తనకు సంతోషమని చెప్పెను. మా తల్లిగారివంటివారిని ఈ రెండు తరగతులలో దేనియందు చేర్చవలెను? అయిదవ తరగతితో వారిని బడి మాన్పించిరి. కావ్యములు చదువు నవకాశము లేకపోయెను. కాని యేబది యేండ్ల కాపురము వారి యద్దమును తోమినది. హరికథలును బుఱ్ఱకథలును వినివిని కథ యెచ్చట బిగియునో యెచ్చట సడలునో యెఱిగినవారు. ఇట్టివారిని మేము సామాన్యులలోను సహృదయులలోను గూడ చేర్చుచున్నాము.

మాయాబజారును చూడుడు. కె. వి. రెడ్డిగారి దర్శకత్వమున విజయావారు 1957లో విడుదల చేసిన యీ చిత్రమును మెచ్చనివారు లేరు. మార్కస్ బార్ట్లేగారి ఛాయాగ్రహణమును, పింగళి నాగేంద్రరావుగారి మాటల చమత్కారమును విమర్శకులు కొనియాడుదురు. లడ్డూలు తమంతట తామే యెగిరి ఘటోత్కచుని నోటబడుట చూచి పిల్లలు కేరింతలు కొట్టుదురు. మా తల్లిగారి చూపు నిలుచు చోటు వేఱు. పాండవులు జూదమున సర్వస్వమును కోల్పోయిన పిదప రేవతి ముఖము మాఱును. సుభద్ర పుట్టింటనే పరాయిదగును. ఆ ఘట్టము వచ్చినప్పుడు వారు చేతిలోని చిక్కుడుకాయలను ప్రక్కన బెట్టుదురు. "మాయంటే ఘటోత్కచుడు చేసింది కాదు నాయనా. మొగుడి కలిమి పోయేసరికి ఆడపడుచు మర్యాద మాయమయిపోయింది చూడు, అదీ మాయ" అని యొకనాడు మాతో ననిరి.

ఈ మాటలో చిత్రమునకు సంబంధించిన మూలసత్యము కలదు. వ్యాసభారతమున శశిరేఖ లేదు; అభిమన్యుడు వివాహమాడినది ఉత్తరను. శశిరేఖా పరిణయము జానపదులు కల్పించుకొన్న కథ. వారు భారతవీరులను దెచ్చి మేనఱికపు తగవులో నిలిపి, ఐశ్వర్యమును బట్టి మాట తప్పు బంధువుల ముందు నిలబెట్టిరి. పురాణమున లేని యీ కథ పుట్టినది మన యిండ్లలోనే. కావున సుభద్ర యవమానమును చిత్రమునకు నడిమి స్తంభముగా గుర్తించిన మా తల్లిగారి తీర్పు, చమత్కారములను మాత్రమే లెక్కించు విమర్శకంటె లోతైనదని మేము తలంచుచున్నాము.

గుండమ్మకథ సంగతియు నిట్టిదే. కమలాకర కామేశ్వరరావుగారు 1962లో తీసిన యీ చిత్రమున సూర్యకాంతముగారి గుండమ్మను గయ్యాళితనమునకు మాఱుపేరుగా జెప్పుకొని నవ్వుదురు. మా తల్లిగారును నవ్వుదురు. కాని యంతటితో వదలరు. "మగదిక్కు లేని ఇంట్లో ఆస్తి నిలవాలంటే నోరే కంచె కదా" యని గుండమ్మ పక్షమున నొకమాట యందురు. వెంటనే, సవతికూతురు లక్ష్మి చేత వంటయు అంట్లును చేయించుకొన్న యేండ్లను దలచుకొని, "ఆ పిల్ల మంచిది గనుక చివరికి ఆదుకుంది. ఆ చాకిరీకి లెక్క ఎవరు కట్టారు?" అని యడుగుదురు. దోషికి దోషమేల వచ్చినదో చూచుట, చూచియు దోషమును మాపకుండుట - న్యాయాధిపతికి గావలసిన గుణములు ఈ రెండే కదా! చిత్రమో, క్షమతో కథ ముగించి, లెక్కను కట్టకయే విడిచినది.

తల్లుల తీర్పు లన్నియు శిరోధార్యములని మేము చెప్పము. మిస్సమ్మ విషయమున మాకును మా తల్లిగారికిని నేటికిని పొత్తు కుదరలేదు. ఎల్. వి. ప్రసాదుగారి యీ చిత్రము 1955 నాటిది. ఉద్యోగము దొరకని పట్టభద్రు లిరువురు, ఉపాధ్యాయ పదవికై భార్యాభర్తలమని బొంకుదురు. అందు కన్యక క్రైస్తవురాలు, పేరు మేరీ. వారి నడుమ నిజమైన ప్రేమ కలిగిన తరువాత, ఆమె చిన్ననాడు తప్పిపోయిన జమీందారు కుమార్తె మహాలక్ష్మియని తెలియును. పెండ్లికి అడ్డు తొలగును. ఇంత తెలివిగల చిత్రము కడపట ధైర్యము చాలక తప్పించుకొన్నదని మా వాదము. "పోయిన బిడ్డ దొరికితే నీకేం కష్టంరా?" అని మా తల్లిగారి ప్రశ్న.

ఇక టెలివిజను మాట. హైదరాబాదున దూరదర్శన కేంద్రము 1977లో వెలసినది. 1987 జనవరి మొదలు 1988 జులై వఱకు రామానంద సాగరుగారి రామాయణము ఆదివారము ఉదయమున ప్రసారమైన దినములలో మా వీధికి పెట్టె యొక్కటియే, చూచువారు వీధియంతయు. మా తల్లిగారికి హిందీ రాదు. అయినను ఇరుగుపొరుగమ్మలకు కథను తెలుగున జెప్పుచు, ఒక్కొక్కచో తెరకంటె ముందుగనే నడచుచుండిరి. తరువాత 2001 నుండి 2007 వఱకు జెమినీలో వారమునకొకసారి వచ్చిన అమృతమును మాతో గూర్చుండి చూచి, మగవారి పథకములు వారము వారము బోర్లపడుట గని తనివితీర నవ్విరి.

నేటి సాయంకాలపు సీరియళ్ళ తీరు వేఱు. ఒక్క మాట యన్నంతనే తప్పెటలు మ్రోగును. ఇంటిల్లిపాది ముఖములను ఒక్కొక్కటిగా మూడుమాఱులు చూపుదురు. "కథ నడవటం లేదు, కెమెరా నడుస్తోంది" అని మా తల్లిగారే తేల్చిరి. అట్లయిన ఏల చూచుచున్నారని మే మడుగగా, "వాళ్ళయినా రోజూ ఆ వేళకి వస్తారు కదా" అనిరి.

ఈ యుత్తరమును ప్రతి గృహస్థుడును ఆలోచింపవలెను. మాయాబజారులో ప్రియదర్శిని యను పేటిక కలదు. తెఱచినవారికి తమ మనస్సున నున్నదే యందు కనబడును. శశిరేఖకు అభిమన్యుడు, కృష్ణునకు శకుని. నేడు ప్రతివాని చేతిలోను అట్టి పేటిక యొకటి వెలసినది. ఎవరి ప్రియము వారు చూచుకొనుచు, ముసలితల్లికి గోడమీది పెద్ద పెట్టెను వదలితిమి. ఆమెకు కొదువయైనది కథలు కావు. కథను గూర్చి మాటాడుటకు తోడు కొదువయైనది. ఆ తోడు లేనిచోట చెడ్డ కథయైనను చుట్టమగును. సీరియళ్ళను నిందించుటకు ముందు ఈ కారణమును మాన్పుట న్యాయము.

ఉపాధ్యాయులమైన మేము మా తరగతి పిల్లలకు నిరుడొక పని యొప్పగించితిమి. మీ యవ్వకు నచ్చిన చిత్రమేది, అందు నచ్చిన ఘట్టమేది, యేల నచ్చినదని యడిగి వ్రాసికొని రండని చెప్పితిమి. ఒక బాలిక తన నాయనమ్మ మాటగా మిస్సమ్మ పేరు వ్రాసినది. ఆ నాయనమ్మ కొత్త కోడలుగా నున్నపుడు, ఊరి టూరింగు టాకీసులో ఆ చిత్రమును విశ్రాంతి వఱకే చూచి, మామగారి భోజనపు వేళయగుటచే నింటికి పరుగెత్తెనట. తరువాతి సగమును చూచు నవకాశము మఱి రాలేదు. మేరీ మేరీగానే ఆ పిల్లవానిని పెండ్లాడెనని యిన్నాళ్ళును ఆమె తలంచుచుండెను. అసలు ముగింపును మనుమరాలు చెప్పగా విని, "అట్లాగా! నేననుకున్నదే బాగుంది" అని తిరిగి వత్తులు చేసికొనుచు గూర్చుండెనట. పెద్ద చదువులు చదివినవారు తీసిన చిత్రము దాటలేకపోయిన గట్టును, సగము చిత్రమును మాత్రమే చూడనిచ్చిన యిల్లాలు తనంత తానే దాటినది.

ఈ వ్యాసమును చదువువారు మీ తల్లితోనో, అత్తతోనో కూర్చుండి, వారికి నచ్చిన చిత్రమును తుదివఱకు చూచి, పిదప వారేమందురో వినుడు. నచ్చినచో వ్రాసియుంచుడు.