వస కొమ్ము, చుక్కల సీసా

మా అమ్మాయి పురిటికొచ్చి ఉన్నన్నాళ్లూ మా వంటింటి గూట్లో రెండు వైద్యాలు పక్కపక్కనే కూర్చున్నాయి. ఒకటి మా అమ్మది: అరచెయ్యంత సానరాయి, వేలెడు వస కొమ్ము, అరిగిపోయిన ఉగ్గుగిన్నె. రెండోది పిల్లల డాక్టరు రాసిచ్చింది: అట్టపెట్టెలో చుక్కల మందు, దాంతోపాటు డ్రాపరు. రెండూ ఒకే పనికి. మనవరాలు పాలు తాగిన ప్రతిసారీ కక్కేది. పసిపిల్ల తాతమ్మకీ డాక్టరుకీ నడుమ నిలబడ్డాను కాబట్టి, ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చదివే అవకాశం నాకు దక్కింది.

ముందు చూపు సంగతి. అమ్మ పిల్లని భుజానేసుకుంటుంది. భుజం మీద పాత పంచె గుడ్డ. కింది నుంచి పైకి వీపు నిమురుతూ త్రేన్పు వచ్చేదాకా వంటింట్లో తిరుగుతుంది. కక్కితే గుడ్డ మడత విప్పి చూసి, వాసన చూస్తుంది. పెరుగు విరుగులా పుల్లగా ఉంటే కడుపులో కాసేపు నిలిచిన పాలట, పచ్చిపాలలాగే వస్తే పట్టనన్ని తాగిందట. "కక్కే బిడ్డ దక్కే బిడ్డేనే" అని గుడ్డ నా చేతిలో పడేస్తుంది. డాక్టరు గుడ్డ వైపు చూడనే లేదు. పిల్లని తూకం మీద పడుకోబెట్టి, కార్డులో పాత బరువు పక్కన కొత్త బరువు రాసి, "ఒంటేలు బాగా పోస్తోందా? పాలకి మొరాయించట్లేదు కదా?" అనడిగి, ఇది జబ్బు కాదనేశారు. మొదటి నెలల్లో రోజుకి ఇరవై ముప్ఫై గ్రాములు పెరిగే బిడ్డ ఎంత కక్కినా కంగారు లేదన్నారు. ఒకరు ముక్కుతో, ఒకరు తూకంతో చేరింది ఒక్కచోటికే.

ఇద్దరూ సరిగ్గానే చదివారు. అన్నవాహిక కడుపులో కలిసేచోట కండరపు ఉంగరం ఒకటుంటుంది. పసిపిల్లల్లో అది ఉండుండి సడలుతుంది. లోపలున్నదంతా ద్రవం, పిల్ల రోజంతా పడుకునే ఉంటుంది, ఇక పాలు ఎగదన్నక ఏం చేస్తాయి? 1997లో అమెరికాలో అచ్చయిన ఒక సర్వేలో నాలుగో నెల పిల్లల్లో మూడింట రెండొంతుల మంది రోజుకొక్కసారైనా కక్కుతున్నారు. ఏడాది నిండేసరికి అది నూటికి ఐదుగురికి దిగింది. మరక చూసి దడుసుకునేవాళ్లకి ఇంకో మాట. నేను తువ్వాలు మీద రెండు చెంచాల పాలు ఒలకబోసి చూశాను. పది మిల్లీలీటర్లు. మరక నా అరచేతిని దాటిపోయింది.

చిక్కంతా దానికో పేరు పెట్టినప్పుడు మొదలైంది. నాలుగు రోజులు పోయాక అమ్మ "తల్లిపాలు పడట్లేదేమో" అంది. ఆ ఒక్కమాటతో మా అమ్మాయి కంచంలోంచి పప్పు పోయింది, వంకాయ పోయింది, చివరికి మజ్జిగా పోయింది. ఆవుపాల ప్రోటీను పడని పిల్లలు కొందరుంటారు, నిజమే. వాళ్ల విషయంలో తల్లిని తన తిండిలో పాలూ పెరుగూ మానేసి రెండు మూడు వారాలు చూడమని డాక్టర్లే అంటారు. దానికీ బాలింతని ఎండగట్టడానికీ పోలికే లేదు. అటు ఆసుపత్రిలో మా అల్లుడు "మందేం లేదా డాక్టరుగారూ?" అని రెండోసారీ అడిగాడు. అప్పుడు చీటీ మీద జీఈఆర్‌డీ అన్న నాలుగక్షరాలు పడ్డాయి, వాటి కింద మందు. మూడక్షరాల జీఈఆర్ అంటే ఊరికే ఎగదన్నడం, చివర డీ చేరితే వ్యాధి. 2013లో మిచిగన్‌లో ఇలాంటి పిల్ల కథే చెప్పి తల్లిదండ్రుల్ని అడిగి చూశారు. ఈ పేరు వినని వాళ్లు మందు పనిచెయ్యదని తెలిస్తే వద్దనుకున్నారు. పేరు విన్నవాళ్లు పనిచెయ్యదని చెప్పినా కావాలనే మొగ్గారు. మా అమ్మ మాటా ఆ చీటీలో చివరి అక్షరమూ ఒక్క జాతివే.

పోసే సరుకుకొస్తే నాకు ఎవరిమీదా దయ లేదు. వస పోస్తే మాటలొస్తాయని మన నమ్మకం, వసపిట్ట అన్న మాట అలా పుట్టిందే. కానీ మోతాదు మించితే వాంతి చేయించే దినుసది. కక్కే పిల్లకి పోయడమేమిటి? అమెరికా 1968లోనే దాన్ని తిండి సరుకుల్లో కలపకూడదంది. చుక్కల మందుల చరిత్రా ఘనంగా ఏం లేదు. సిసాప్రైడ్ గుండె లయ తప్పిస్తోందని 2000లో అమెరికా మార్కెట్లోంచి, 2011లో మన మార్కెట్లోంచి పోయింది. రానిటిడిన్ 2020లో అమెరికాలో ఆగింది. మా సీసాలో ఉన్న డాంపెరిడోన్‌ని పన్నెండేళ్లలోపు పిల్లల వాంతులకి వాడొద్దని బ్రిటన్ 2019లో చెప్పింది. 2009లో 162 మంది పసివాళ్లలో సగానికి ఆమ్లం తగ్గించే లాన్సోప్రజోల్, సగానికి ఉత్తుత్తి మందు ఇచ్చి చూస్తే రెండు పక్కలా నూటికి 54 మందికి ఇబ్బంది తగ్గింది. అదే అంకె, అటూ ఇటూ!

ఈ రెంటికీ నడుమ పుట్టిన సంకరం గ్రైప్ వాటర్. 1851లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో విలియం ఉడ్‌వర్డ్ కలిపిన సీసా మందు అది. మన టీవీలో మాత్రం దాన్ని అమ్మింది అమ్మమ్మలే, తరం వెనక తరం.

చేతుల దగ్గరికొస్తే మళ్లీ ఇద్దరూ కలుస్తారు. పాలు తాగాక ఇరవై ముప్ఫై నిమిషాలు నిటారుగా ఎత్తుకోవడం, ఒకేసారి కాక కొంచెం కొంచెంగా పట్టడం, మధ్యలో ఆపి త్రేన్పు తెప్పించడం. కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోశాకే పాలు, పాలయ్యాక నలుగు ఊసే లేదు అనే అమ్మ వరసని డాక్టరు కూడా మెచ్చుకున్నారు. సీసాపాల పిల్లలకైతే ముందు ఎన్ని పాలు పడుతున్నామో లెక్క చూడమన్నారు.

రెండుచోట్ల మాత్రం అమ్మ ఓడిపోయింది, నేనూ ఒప్పుకోక తప్పలేదు. పాలు గొంతుకి అడ్డం పడతాయని పిల్లని పక్కకి తిప్పి ఆవాల దిండు ఆసరా పెట్టేది. వెల్లకిలా పడుకున్నప్పుడు గాలిగొట్టం పైనా అన్నవాహిక కిందా ఉంటాయి, ఎగదన్నిన పాలు ఎత్తెక్కితే గానీ గాలిగొట్టంలోకి పోవు. కక్కే పిల్లైనా వెల్లకిలానే, చదునైన పక్కమీదే, దిండు లేకుండా. నిద్రలో హఠాత్తుగా పోయే పసివాళ్ల సంఖ్య పాశ్చాత్య దేశాల్లో సగానికి పైగా తగ్గిందంటే 1990లలో ఈ మాట ఇంటింటికీ చేర్చబట్టే.

రెండోది పసరు. ఆకుపచ్చగా కక్కితే "పైత్యం పోయింది, మంచిదే" అనేది మా అమ్మ తరం. ఆకుపచ్చ వాంతి పేగు మెలిక పడినా వస్తుంది, అప్పుడు గంటలు కూడా లెక్కే. మూడు నుంచి ఆరు వారాల వయసులో ప్రతి పాలకీ చిమ్మినట్టు దూరం పడేలా కక్కితే కడుపు కిందిద్వారం మూసుకుపోతోందేమో చూడాలి. అది చిన్న ఆపరేషన్‌తో పోతుంది. రక్తం చార కనబడినా, బరువు ఆగినా, ఒంటేలు తగ్గినా, జ్వరమొచ్చినా, ఊపిరందక రంగు మారినా సానరాయి జోలికి పోకుండా ఆటో ఎక్కాల్సిందే.

మా పిల్లకి ఇవేవీ రాలేదు. ఐదో నెలలో హైదరాబాదు వెళ్లారు, ఏడో నెలలో కూర్చుంది, కక్కడం దానంతటదే పల్చబడింది. వీడియో కాల్లో అమ్మ "చూశావా, వస మహిమ" అంది. ఎన్నిసార్లు పోసిందో అడిగితే ఇప్పటికీ చెప్పదు. వెనక నుంచి మా అల్లుడు "ఆ డ్రాప్స్ భలే పనిచేశాయండీ అత్తయ్యగారూ" అన్నాడు. మా అమ్మాయి నా వైపు చూసి కళ్లతోనే ఊరుకోమంది. సీలు తీయని ఆ సీసా ఇంకా మా గూట్లోనే ఉంది.