యంత్రం ఎవరి పక్షం?

మూడేళ్ల కిందట మా వూళ్లో జరిగిన సాహిత్య పాఠశాలలో వస్తువు, రూపం అనే విషయం మీద మాట్లాడాను. ప్రసంగం అయ్యాక నా పాత విద్యార్థి ఒకడు లేచి, "మాస్టారూ, మాటలు దాదాపు లేకుండా, యంత్రాలతోనే చేసిన సంగీతానికి వర్గస్వభావం వుంటుందా?" అని అడిగాడు. నేను తడుముకోలేదు. "మాట లేనిచోట ఆలోచన లేదు. మనిషి చెయ్యి పడనిచోట శ్రమ లేదు. అది డబ్బున్నవాళ్ల కాలక్షేపానికి తయారయ్యే సరుకు" అన్నాను. సభ చప్పట్లు కొట్టింది. అతను కొట్టలేదు. మర్నాడు ఒక పెన్‌డ్రైవ్ తెచ్చి నా చేతిలో పెట్టి, "వినకుండా తీర్పు చెప్పకూడదని పదో తరగతిలో మీరే చెప్పారు" అన్నాడు.

అందులో వున్నది హువాన్ అట్కిన్స్ సంగీతం. చాలాసార్లు విన్నాను, అతని గురించి దొరికినంతా చదివాను. నా తీర్పు తప్పని యిప్పుడు అనుకుంటున్నాను. ఎక్కడ తప్పో, ఎంతవరకు తప్పో చెప్పడమే యీ వ్యాసం పని.

అట్కిన్స్ 1962లో అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో పుట్టిన నల్లజాతి సంగీతకారుడు. టెక్నో అనే పేరుతో ప్రపంచమంతా వ్యాపించిన నాట్యసంగీతానికి ఆద్యుడని అతన్ని చెప్పుకుంటారు. తండ్రి సంగీత కచేరీలు ఏర్పాటుచేసేవాడు. తల్లిదండ్రులు విడిపోయాక అతనూ, సోదరుడూ డెట్రాయిట్‌కి దగ్గర్లోని బెల్‌విల్ అనే చిన్న వూళ్లో అవ్వ దగ్గరికి చేరారు. తెల్లవాళ్లే ఎక్కువగా వుండే ఆ వూరి బడిలో డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ అతనికి స్నేహితులయ్యారు. తర్వాత యీ ముగ్గురి పేర్లూ కలిపే చెప్పుకోవడం అలవాటయింది. అట్కిన్స్‌కి మొదటి సింథసైజరు, కోర్గ్ ఎమ్మెస్-10, కొనిచ్చింది ఆ అవ్వే. రాత్రిళ్లు రేడియోలో ఎలక్ట్రిఫయింగ్ మోజో అనే ప్రయోక్త జర్మనీ దేశపు క్రాఫ్ట్‌వెర్క్ బృందాన్నీ, నల్లవాళ్ల ఫంక్ సంగీతాన్నీ పక్కపక్కనే వినిపించేవాడు. తెల్లవాళ్ల పాట, నల్లవాళ్ల పాట అని అమెరికన్ రేడియో గీసిన గీతని అతను ఖాతరు చెయ్యలేదు. అట్కిన్స్ సంగీతశిక్షణలో సగం అక్కడే జరిగింది.

ఇక నగరం. డెట్రాయిట్ అంటే కార్ల ఫ్యాక్టరీలు. 1950లో పద్దెనిమిదిన్నర లక్షల జనాభా వున్న ఆ వూరు 2010 నాటికి 7 లక్షల 13 వేలకి పడిపోయింది. 1967 జులైలో ఒక పోలీసుదాడి దగ్గర రగిలిన తిరుగుబాటులో 43 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది నల్లవాళ్లు. మరుసటి సంవత్సరం క్రైస్లర్ కంపెనీ డాడ్జ్ మెయిన్ ఫ్యాక్టరీలో అసెంబ్లీ లైను వేగం పెంచడాన్ని ఎదిరించి కార్మికులు సమ్మెకి దిగారు. ఆ సమ్మెలోంచి నల్లజాతి కార్మికుల డాడ్జ్ రివల్యూషనరీ యూనియన్ మూవ్‌మెంట్ పుట్టింది. ఆ పేరులోని తొలి అక్షరాలు కలిపితే డ్రమ్ అవుతుంది. 1980 జనవరిలో ఆ ఫ్యాక్టరీ మూతబడింది. 1981లో నగరపాలక సంస్థ ఆ స్థలాన్నీ, దాని పక్కనున్న పోల్‌టౌన్ పేటనీ కలిపి జనరల్ మోటార్స్‌కి అప్పగించడానికి సుమారు 4,200 మందిని యిళ్లు ఖాళీ చేయించింది. 1985లో అక్కడ రోబోలతో నిండిన కొత్త ఫ్యాక్టరీ మొదలయింది.

అట్కిన్స్ మొదటి రికార్డు 'ఆలీస్ ఆఫ్ యువర్ మైండ్' వచ్చింది 1981లో. కాలేజీలో పరిచయమైన, వియత్నాం యుద్ధానికి పోయివచ్చిన రిక్ డేవిస్‌తో కలిసి సైబోట్రాన్ అనే పేరుతో, సొంత ఖర్చుతో తెచ్చారు. 1985లో డేవిస్ నుంచి విడిపోయి, మెట్రోప్లెక్స్ అనే సొంత రికార్డు సంస్థ పెట్టి, మోడల్ 500 అనే పేరుతో 'నో యూఎఫ్‌వోస్' విడుదలచేశాడు.

ఈ తేదీలను పక్కపక్కన పెట్టి సంతృప్తిపడడం మనకి అలవాటు. పునాది యిది, ఉపరితలం అది, లెక్క సరిపోయింది అంటాం. ఫ్యాక్టరీ మూతబడింది గనక పాట పుట్టిందనడం విమర్శ కాదు, పంచాంగం. ఫ్యాక్టరీలు మూతబడిన నగరాలు అమెరికాలో యింకా చాలా వున్నాయి. ఆ చరిత్ర సంగీతం లోపల ఏ రూపంలో వుందో చూపించాలి. చూపించలేకపోతే వుందని అనకూడదు.

దానికి ముందు యీ సంగీతం ఎట్లా తయారవుతుందో తెలియాలి. ఆ తరం వాళ్లు వాడిన యంత్రాల్లో ముఖ్యమైనది రోలాండ్ టీఆర్-808 అనే డ్రమ్ మిషను. 1980 నుంచి 1983 వరకు పన్నెండు వేల దాకా మాత్రమే తయారయ్యాయి. నిజమైన డ్రమ్ములా మోగడం లేదని చాలామంది పెదవి విరిచారు. అంచేత సెకండ్ హాండు బజారులో చవగ్గా దొరికేది. డబ్బులేని కుర్రవాళ్ల చేతికి వచ్చింది అట్లాగే. దానిమీద వరసగా పదహారు మీటలు వుంటాయి. మాత్రాఛందస్సు చెప్పేటప్పుడు నేను నల్లబల్లమీద గడులు గీస్తాను. ఇదీ అట్లాంటిదే. ఏ గడిలో దెబ్బ పడాలో, ఏ గడి ఖాళీగా వుండాలో మనిషి నిర్ణయిస్తాడు. నిర్ణయించాక యంత్రం ఆ వరసని అలుపులేకుండా తిప్పుతుంది. అది తిరుగుతూ వుండగా మనిషి ఒక శబ్దాన్ని తీసేస్తాడు, యింకొకటి కలుపుతాడు, ఒకదాన్ని మొద్దుబారుస్తాడు, యింకొకదాన్ని పదును పెడతాడు. ఈ సంగీతంలో రచన అంటే యిది. మనిషి చెయ్యి పడలేదన్న నా మాట యిక్కడే వీగిపోయింది. చెయ్యి డప్పుమీద పడలేదు, గడిమీద పడింది.

ఇప్పుడు 1983లో వచ్చిన 'క్లియర్' వినండి. మాటలు బహుకొద్ది, అవీ మరగొంతుతో పలికినవి. కింద లయ ఆగదు, మారదు. పైన సన్నని సింథసైజరు వరసలు ఒకదాని వెంట ఒకటి వచ్చి, కలిసి, తప్పుకుంటాయి. మొదట విన్నప్పుడు నాకు అసెంబ్లీ లైనే గుర్తుకొచ్చింది. అదే పని, అదే వ్యవధి. అయితే అసెంబ్లీ లైను మీద ఆ పునరావృత్తి యజమానిది. వేగం అతను నిర్ణయిస్తాడు, శరీరం దానికి లోబడుతుంది. డాడ్జ్ మెయిన్‌లో సమ్మె జరిగింది ఆ వేగం మీదే. ఇక్కడ వేగాన్ని నిర్ణయించేది ఆ శరీరాల తాలూకు మనిషే. అదే పునరావృత్తి, కాని చేతులు మారింది. ఫ్యాక్టరీలో శరీరాన్ని అరగదీసిన లయ మీద శరీరం తన యిష్టానికి కదులుతున్నది. వస్తువు మాటల్లో లేదు, రూపంలోనే వుందని నేను అనడానికి ఆధారం యిదే.

అట్కిన్స్ పట్ల నా అభ్యంతరం కూడా యిక్కడే మొదలవుతుంది. మోటౌన్ సంస్థాపకుడు బెరీ గోర్డీ ఒకప్పుడు ఫోర్డ్ కంపెనీ లైనుమీద పనిచేసినవాడు. ఆ లైను పద్ధతిలోనే పాటల్ని తయారుచేయించి, 1972లో సంస్థని లాస్ ఏంజిలిస్‌కి తరలించుకుపోయాడు. 1988లో బ్రిటిష్ పత్రికకి యిచ్చిన యింటర్వ్యూలో అట్కిన్స్ యీ సంగతే ఎత్తి, యిప్పుడు కార్లను చేసేవి రోబోలూ కంప్యూటర్లూ గనక తనకి గోర్డీ సంగీతం కంటే ఫోర్డ్ రోబోల మీదే ఆసక్తి ఎక్కువ అన్నాడు. ఆ రోబో ఎవరి పని తీసుకున్నది? అతని నగరంలోని అతని జాతివాళ్ల పనినే. అట్కిన్స్ మీద గట్టి ప్రభావం వేసిన పుస్తకం ఆల్విన్ టాఫ్లర్ 1980లో రాసిన 'ది థర్డ్ వేవ్'. టెక్నో అనే మాట స్ఫూర్తి కూడా అక్కడిదే. చరిత్రని నడిపేవి సాంకేతిక కెరటాలని టాఫ్లర్ సిద్ధాంతం. ఆ కెరటాన్ని ఎవరు లేపుతున్నారు, దానికింద ఎవరు మునుగుతున్నారు అన్నది అందులో ప్రధానప్రశ్న కాదు. పోల్‌టౌన్‌లో యిళ్లు కూల్చింది కెరటం కాదు. కంపెనీ అడిగింది, నగరపాలక సంస్థ కూల్చింది. ఈ తేడా అట్కిన్స్ మాటల్లో నాకు కనిపించలేదు.

అయితే రచయిత ప్రకటించిన అభిప్రాయాన్నీ అతని రచననీ ఒకటిగా చూడకూడదని విద్యార్థులకి చెపుతూనే వుంటాం గదా. అట్కిన్స్ మాటల్లో రోబో మీద మోజు వుంది. అతని సంగీతంలో మోజు ఒక్కటే లేదు. 'ఆలీస్ ఆఫ్ యువర్ మైండ్'లో నాకు వినిపించింది సంబరం కాదు, దిగులు. తనను ఎవరో గమనిస్తున్నారన్న జంకు. యంత్రాన్ని ప్రేమిస్తూనే, దానివల్ల ఖాళీ అయిన వీధుల్లో తిరుగుతున్న మనిషి చేసిన సంగీతమది. ఆ వైరుధ్యాన్ని అతను పరిష్కరించలేదు, దాచనూ లేదు.

తర్వాతి కథ సరుకు కథ. 1988లో బ్రిటన్‌లో డెట్రాయిట్ సంగీతంతో ఒక సంకలనం తయారయింది. మొదట దానికి షికాగో వాళ్ల హౌస్ సంగీతం పేరే పెట్టాలనుకున్నారు. అట్కిన్స్ 'టెక్నో మ్యూజిక్' అనే తన రచన పంపడంతో ఆ పేరు సంకలనానికీ, ఒక ప్రక్రియకీ స్థిరపడింది. 1989లో గోడ కూలాక బెర్లిన్ యువకులు పాడుబడ్డ భవనాల్లో దాన్ని తమది చేసుకున్నారు. 1991లో అక్కడ ఒక పాత దుకాణపు ఖజానా గదిలో ట్రెజార్ క్లబ్బు తెరిచారు. అట్కిన్స్ ఆ వూరి సంగీతకారులతో కలిసి పనిచేశాడు. సంగీతం యూరప్‌లో పెద్ద మార్కెట్టు అయింది. అది నల్లవాళ్ల సృష్టి అన్న సంగతి చాలామంది శ్రోతలకి తెలియకుండా పోయింది. సొంతవూళ్లో 2000లో ప్రజలందరికీ ఉచితంగా ఎలక్ట్రానిక్ సంగీతోత్సవం మొదలయింది. 2005లో దానికీ టిక్కెట్టు వచ్చింది. 2013లో నగరమే దివాలా ప్రకటించింది.

సొంత రికార్డు సంస్థ పెట్టుకున్నంత మాత్రాన మార్కెట్టు నుంచి తప్పించుకోలేడని అట్కిన్స్ జీవితం చెపుతున్నది. అది చిన్న సొత్తు, చిన్న స్వేచ్ఛ. కాని ఆ చిన్న స్వేచ్ఛ లేకపోతే యీ సంగీతం లేదు. పెద్ద కంపెనీ ఏదీ 1981లో ఆ రికార్డు వేసేది కాదనుకుంటాను. అతని తర్వాతి తరంలో అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ బృందం ముఖాలు కప్పుకుని, వ్యక్తుల పేర్లను వెనక్కి నెట్టి, సమష్టిగా నిలబడింది. అట్కిన్స్ వేసిన బాటే వాళ్లు నడిచిందీ, అతను ఆగినచోటు దాటి పోయిందీ.

నా విద్యార్థి ప్రశ్నకి యిప్పుడు నా జవాబు యిది. యంత్రానికి పక్షం లేదు. మీటల ముందు ఎవరు కూచున్నారు, వేగం ఎవరు నిర్ణయిస్తున్నారు, ఆ శబ్దానికి ఎవరి శరీరాలు కదులుతున్నాయి, వచ్చిన డబ్బు ఎవరికి పోతున్నది అన్న నాలుగు ప్రశ్నలూ అడిగితే పక్షం తేలుతుంది. అట్కిన్స్ విషయంలో మొదటి మూడింటికీ జవాబు మన వైపే వుంది. నాలుగోదానికి లేదు. అతని సంగీతంలో సమ్మె వినిపించదు, సమ్మె ఓడిపోయిన తర్వాతి నగరం వినిపిస్తుంది. ఓటమి తర్వాతి నగరానికీ సాహిత్యం కావాలి. మూతబడిన మిల్లుల గురించి రాసే మన కథకులు సమ్మె రోజుల దగ్గరే ఆగిపోతున్నారు. తాళం పడ్డ పదేళ్లకి, ఆ కార్మికుల పిల్లలు రాత్రిళ్లు ఏం వింటున్నారో మనకి తెలియదు. తెలియని సంగతిమీద నేను ఆ రోజు చప్పట్లు కొట్టించుకున్నాను.