ఒకే గంటతాడు – ఇద్దరు బంట్రోతులు

పాత పర్సనల్ కంప్యూటరులో కొత్త కార్డు అమర్చగానే మరేదో పనిచేయడం మానివేస్తే, తప్పు అమర్చినవానిదేనని అనడం ఆనాడు పరిపాటి. ఈ తీర్పు న్యాయమైనది కాదు. లోపం చాలావరకు యంత్ర నిర్మాణంలోనే ఉన్నది.

మోడెమ్, సౌండ్ కార్డు వంటి పరికరం తనకు పని పడినప్పుడు ఒక తీగమీద విద్యుత్ సంకేతం పంపి ప్రాసెసరును పిలుస్తుంది. దీనినే ఇంటరప్టు అంటారు. ఐ.బి.యం. సంస్థ 1981లో వెలువరించిన యంత్రంలో ఇట్టి తీగలు 8. 1984 నాటి ఏ.టి. నమూనాలో రెండవ నియంత్రకాన్ని చేర్చారు. దానిని మొదటిదానికి కలపడానికే ఒక తీగ ఖర్చు కాగా 15 మిగిలినవి. టైమరు, కీబోర్డు, డిస్కులు తమ వాటా తీసుకొన్న తరువాత కొత్త కార్డులకు దక్కినవి కొద్దిపాటివే.

కాని ఈ కొరతకంటె పెద్ద దోషం మరొకటి ఉన్నది. ఆ యంత్రం సంకేతం పైకి లేచే క్షణాన్నే గమనిస్తుంది. లేచి నిలిచి ఉన్నదా అని చూడదు. బడిగంట తాడును ఒక బంట్రోతు లాగి పట్టుకొని ఉండగా రెండవవాడు వచ్చి లాగితే గంట మళ్ళీ మోగునా? కనుక ఒక తీగను ఇద్దరికి నమ్మకంగా పంచడానికి వీలులేదు. అట్లయినా 1వ, 3వ సీరియల్ పోర్టులకు 4వ నంబరు తీగనే వాడడం ఆనవాయితీ అయినది! మౌసును మొదటిదానికి, మోడెమును మూడవదానికి తగిలించినవారికి, మోడెమ్ ఫోను కలిపేసరికి మౌసు బిగుసుకొనిపోయేది. దీనికి వారి అజ్ఞానాన్ని నిందించి లాభమేమి?

పైగా, కార్డు తానెవరో చెప్పుకొనే ఉపాయమే లేదు. జంపరు అనే చిన్న తొడుగుతో రెండేసి మొనలను కలిపి మనిషే తీగను ఎంచవలెను. ఆ నంబరునే మళ్ళీ ప్రోగ్రాముకు తెలుపవలెను. సౌండ్ బ్లాస్టరును 7వ తీగకు పెడితే, అది ప్రింటరు వాడుకొనే తీగ.

1987లో ఐ.బి.యం. తెచ్చిన మైక్రో ఛానెల్ ఈ రెండు దోషాలనూ దిద్దినది. అందులో తీగను పంచుకోవచ్చు. అమరిక పని ప్రోగ్రాముకే అప్పగించారు. అయితే పాత కార్డులు అందులో ఇమడవు. జనం పాత పద్ధతినే అంటిపెట్టుకొన్నారు. 1993లో ఆ పాత స్లాట్లకే ‘ప్లగ్ అండ్ ప్లే’ నియమావళి వచ్చినది. 1995 నాటి విండోస్ దానిని ఇంటింటికి చేర్చినది. కొత్త కార్డులు తమ పేరు చెప్పుకోగలిగినవి గాని, వాటి పక్కనున్న జంపరు కార్డులు మూగవిగానే ఉండిపోయినవి. ‘తగిలించు, దండం పెట్టు’ అన్న అర్థం వచ్చేటట్లు ఆ పేరును ఇంగ్లీషులో ఎగతాళి చేసినది ఇందుకే. తీగను పంచుకొనే ఏర్పాటు గల పి.సి.ఐ. స్లాట్లు వచ్చిన తరువాత కూడ, వాటి సరసనే పాత స్లాట్లు చాలా ఏండ్లు కొనసాగినవి.